మా ఆయన కోసం కొన్న ట్రెడ్‌మిల్

రోజూ పొద్దున నడవమని డాక్టరమ్మ చెప్పినప్పుడు అదేమంత కష్టమైన పని అనిపించలేదు. షుగరు ఇంకా రాలేదు గానీ వచ్చే దారిలో ఉందనీ, మోకాళ్ళు ఇప్పటికే మొరాయిస్తున్నాయనీ, మందుల దాకా పోకముందే నడక మొదలుపెట్టమనీ ఆవిడ అంది. మర్నాడే మొదలుపెట్టాను.

జగ్గయ్యపేట హైస్కూల్లో తెలుగు టీచర్ని నేను. చాలా ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నాను కాబట్టి వీధి మలుపు తిరిగితే చాలు, "నమస్తే మేడం" అనే మనిషి ఒకరు ఎదురవుతారు. మొదటి రోజు హైవే వైపు వెళ్ళే రోడ్డు మీద కొంచెం దూరం పోయానో లేదో, పక్కన స్కూటరు ఆగింది. నా దగ్గర చదివిన ఒక పిల్ల తండ్రి.

"మేడంగారూ, బస్సు తప్పిపోయిందా? ఎక్కండి, బస్టాండు దగ్గర దింపుతా."

"లేదండీ, ఊరికే నడుస్తున్నా."

"ఊరికే ఏందండీ, అంత దూరం నడిచి పోతారా? మొహమాటపడమాకండి."

బరువు తగ్గడానికి నడుస్తున్నానని చెప్పాలంటే బరువున్నానని ముందు నా నోటితో ఒప్పుకోవాలి. ఆ మాట రాలేదు. స్కూటరెక్కాను. వెనక చక్రం కుంగింది. ఆయన హ్యాండిలు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. బస్టాండులో దిగి, ఆయన కనుమరుగయ్యేదాకా విజయవాడ బస్సు కోసం చూస్తున్నదానిలా నిలబడి, ఆటో మాట్లాడుకుని ఇంటికొచ్చాను. ఆ వారంలో మరో ఇద్దరు అలాగే ఎక్కించుకున్నారు. అందరూ మంచివాళ్ళే. వాళ్ళ మంచితనం వల్ల నా నడక మానుకోవాల్సి వచ్చింది.

మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాడు. మనిషి సన్నగా, ఎముకల గూడులా ఉంటాడు. లోడు లారీ వస్తుంటే టైర్లు చూసి బరువు చెప్పగలడని వాళ్ళ ఫ్యాక్టరీలో పేరు. ఇన్నేళ్ళ కాపురంలో నా బరువెంత అని ఆయన ఏనాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇంట్లోనే నడిచే మిషను కొంటానని నేనంటే సరేనన్నాడు. చవకలో, వ్యాయామం క్లాసులు కూడా వచ్చేది కావాలని అంటే మాత్రం నవ్వాడు.

"నడవటానిక్కూడా టీచరు కావాలా?"

"కావాలి. ఎవరన్నా చెబుతుంటే చేస్తాను. ఒక్కదాన్నే అయితే రెండో రోజు మానేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

నిజానికి మా వంశంలో వ్యాయామం అనే మాట ఎవరూ ఎరగరు. మా అమ్మా వాళ్ళూ పొలంలో ఒంగి పనిచేశారు. నేను కుర్చీలో కూర్చుని చదువు చెప్పాను. చెయ్యి ఎంత ఊపాలో, ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో, ఆయాసం ఎంతవరకు మంచిదో చెప్పే మనిషి నాకు కావాలి. ఆ మనిషికి నేను కనపడకూడదు. ఇవి రెండూ కలిపి దొరికేది ఫోనులో వచ్చే క్లాసులోనే.

సాయంత్రాలు మంచం మీద కూర్చుని ఫోనులో వెతికేవాళ్ళం. ఒక రకం పలకలా పల్చగా ఉంటుంది, మంచం కిందకి తోసెయ్యొచ్చు, ధర కూడా తక్కువే, కానీ పట్టుకోవడానికి కడ్డీ లేదు. తూలితే గతేమిటి? ఇంకో రకానికి ముందు పెద్ద స్క్రీను ఉంది, క్లాసులన్నీ అందులోనే వస్తాయి. చందా కట్టడం మానేస్తే ఆ స్క్రీను దేనికీ పనికిరాదని వాడినవాళ్ళు కింద రాసుకున్నారు. మూడో రకానికి స్క్రీను లేదు, ఫోను పెట్టుకునే చోటుంది, మడిచి గోడకి చేర్చుకోవచ్చు. క్లాసులు మనకి నచ్చిన యాప్‌లో చూసుకోవచ్చు. నాకు అదే నచ్చింది. అయితే ప్రతి మిషను వివరాల్లోనూ చివర ఒక వరుస ఉండేది, ఇది ఇన్ని కిలోల మనిషి వరకు మొయ్యగలదు అని. మా ఆయన తొంగిచూసినప్పుడల్లా ఆ వరుస మీద బొటనవేలు పెట్టేదాన్ని.

ఒకసారి ఎక్కి చూడకుండా తెప్పించుకోవడానికి భయం వేసింది. అది విరిగితే వెనక్కి పంపాలి, ఎందుకు పంపుతున్నామో కారణం రాయాలి. జగ్గయ్యపేటలో అలాంటి సామాను అమ్మే ఒకే ఒక్క కొట్టు యజమాని కొడుకు నా క్లాసులోనే ఉన్నాడు. అందుకని నందిగామ వెళ్దామన్నాను. మా ఆయన ఫోను పక్కన పెట్టేశాడు. వాళ్ళక్క ఉండేది నందిగామలోనే.

"అక్కకి చెప్పకుండా ఎట్టా?"

"పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేద్దామండీ. ఆవిడకి తెలిస్తే కొట్టుకి కూడా వస్తుంది."

మా వదిన సన్నగా, నిటారుగా ఉంటుంది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్ళయిన కొత్తలో నా జాకెట్లన్నీ ఆవిడే కుట్టేది. ఏడాదికేడాదికీ కొలత పెరుగుతుంటే టేపు వంక చూసి, పెదవి బిగించి, ఏమీ అనకుండా రాసుకునేది. ఆ ఏమీ అనకపోవడం భరించలేక నేను వేరే దర్జీకి ఇవ్వడం మొదలుపెట్టాను. ఆ సంగతి మా మధ్య ఎవరూ ఎత్తరు.

కొట్టు మొదటి అంతస్తులో ఉంది, కింద సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మెట్లెక్కేసరికే నాకు ఆయాసం వచ్చింది. అది కనపడకుండా గుమ్మంలో ఆగి బయట రోడ్డు చూస్తున్నట్టు నిలబడ్డాను. సామాను చూపించే అమ్మాయి ఎదురొచ్చింది.

"ఎవరికమ్మా మిషను?"

"మా ఆయనకి" అన్నాను. ముందే అనుకుని పెట్టుకున్న మాట కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది.

ఆ అమ్మాయి మా ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. ఆయన రెప్ప వేయకుండా, "అవునమ్మా, నాకే" అన్నాడు.

"అయితే ఈ చిన్నది చాలు సార్ మీకు" అని ఆ అమ్మాయి మూలనున్న మిషను దగ్గరికి నడిచింది. నేను దాని వంక చూశాను. నా అబద్ధానికి తగ్గ మిషనే అది. మా ఆయన గొంతు సవరించుకుని, "ఇంట్లో ఇద్దరం వాడతాం లేమ్మా" అన్నాడు.

"అట్టయితే మేడంగారి బరువు చెప్పండి. దాన్నిబట్టి చూపిస్తా."

నేను నోరు తెరవకముందే ఆయన, "టీ తాగొస్తా" అంటూ మెట్లు దిగిపోయాడు. ఆయన పొద్దున్నే టీ తాగాడు. రోజుకి ఒక్కసారి తప్ప తాగడు.

చెప్పాను. పక్కన ఎవరో వ్యాయామం సైకిలు తొక్కి చూస్తున్నారు, ఆ చప్పుడులో ఆ అమ్మాయికి వినపడలేదు. "ఆఁ?" అంది. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఆ అంకె ఇక్కడ రాయలేను. ఆ అమ్మాయి మొహంలో ఏ మార్పూ లేదు. తిన్నగా మేము ఫోనులో చూసుకున్న మూడో రకం దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇది తీసుకోండమ్మా. మన బరువుకి సరిగ్గా సరిపోయేది కొనకూడదు, ఇంకాస్త మోసేదే కొనాలి. లేకపోతే మోటారు వేడెక్కుద్ది. ఎక్కి చూడండి."

చెప్పులు విడిచి ఎక్కాను. ఫోనులో ఒక క్లాసు పెట్టి ముందు నిలబెట్టింది. తెరమీద ఒక అమ్మాయి, నేనింకా అడుగు వేయకముందే చాలా బాగా చేస్తున్నారని ఇంగ్లీషులో మెచ్చుకుంది. బెల్టు కదిలింది. రెండు చేతులా కడ్డీ పట్టుకుని నడిచాను. ఊగలేదు, విరగలేదు. కాసేపటికి చెయ్యి వదిలి చూశాను. ఎవరూ స్కూటరు ఆపని నడక. లోపల ఎక్కడో కొంచెం సంతోషం కూడా వేసింది.

అప్పుడే మెట్ల మీద గొంతు వినపడింది. మా వదిన. వెనకాల తలొంచుకుని మా ఆయన. ఆటోలో పోతూ టీకొట్టు దగ్గర తమ్ముణ్ణి చూసిందట.

నేను దిగాలి. ఎలా ఆపాలో తెలియదు. కొట్టు అమ్మాయి సైకిలు వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. కనపడిన బటన్ నొక్కితే బెల్టు వేగం పెరిగింది. ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడితే నేను ఆవిడ ముందు నడుస్తూనే ఉన్నాను.

"ఏం అమ్మాయ్, మా ఇంటికి రావటానికి కాళ్ళు రాలేదు గానీ ఇక్కడ నడుస్తన్నావా?"

"అది కాదు వదినా..." అన్నాను రొప్పుతూ.

ఆవిడ కొట్టు అమ్మాయి వైపు తిరిగి, అందరికీ వినపడేలా, "ఇదిగో అమ్మాయ్, మా మరదలి బరువుకి ఆగుద్దా ఇది? రేపు ఇరిగి పడితే ఎవరిది పూచీ?" అంది.

సైకిలు చప్పుడు ఆగిపోయింది. అక్కడున్నవాళ్ళంతా నా వంక చూశారు. చెమటతో జాకెట్టు వీపుకి అతుక్కుపోయి ఉంది. పైట సర్దుకుందామంటే కడ్డీ వదలాలి. క్లాసులో అమ్మాయి ఇంకా నన్ను మెచ్చుకుంటూనే ఉంది. నేలలోకి దిగబడిపోతే బాగుండనిపించింది, కానీ కాళ్ళ కింద నేల కూడా నిలవడం లేదు.

కొట్టు అమ్మాయి పరుగున వచ్చి మిషను ఆపి, మా వదిన వంక చూసి నవ్వింది. "ఎందుకాగదమ్మా. మొన్న మీరొచ్చి చూసుకుంది కూడా ఇదే గదా."

మా వదిన మొహంలో రంగు పోయింది.

"నువ్వు చూసుకున్నావా అక్కా?" అన్నాడు మా ఆయన. "నీకెందుకు, పుల్లలాగా ఉంటావు."

"నాకెందుకురా. మా పక్కింటావిడకి కావాలంటే చూసిపోయా."

ఎవరికోసమో అని చెప్పే అబద్ధం ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? ఆవిడ చేతులు పైట కొంగుని నలుపుతున్నాయి. ముందు నాకు కలిగింది జాలి కాదు. అందరి ముందూ నన్ను అంతమాట అన్నందుకు తగిన శాస్తి అయిందని ఒక్క క్షణం లోలోపల సంబరపడ్డాను. ఆ క్షణం తలచుకుంటే, కొట్టువాళ్ళంతా నా వంక చూసినందుకు పడ్డ సిగ్గు కంటే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది.

మిషను మాట్లాడేసి ఆవిడ ఇంటికి భోజనానికి వెళ్ళాం. పప్పు, దోసకాయ పచ్చడి వేసింది. మిషను ఊసు ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మిషను మినీ ట్రక్కులో వచ్చింది. పెట్టె మీద మిషను బొమ్మ చాలా పెద్దగా, నిగనిగలాడుతూ ఉంది. దాని మీద పరుగెత్తుతున్న ఒక సన్నటి పిల్ల. పక్కింటి పిన్నిగారు గేటు దగ్గరికొచ్చి, "ఎవరికమ్మా?" అంది. "ఆయనకి షుగరు వస్తదేమోనన్నారు పిన్నిగారూ" అన్నాను. సాయంత్రానికల్లా పాపం ఆవిడ పెరట్లో కాకరకాయలు కోసి ఆయన కోసం పంపింది. ఆ తర్వాత కూడా పంపుతూనే ఉంది. మా ఆయనకి కాకరకాయంటే చిన్నప్పటినుంచీ గిట్టదు. పళ్ళెంలో వేస్తే తింటున్నాడు. ఒక్కసారి కూడా, ఇది నీ మూలానే అనలేదు.

వెనకగదిలో మిషను పెట్టి, కిటికీ మూసి, గడియ వేసుకుని మొదటి క్లాసు మొదలుపెట్టాను. కొత్తవాళ్ళ కోసం అని రాసి ఉన్న క్లాసది. క్లాసు చెప్పే పిల్ల హిందీ కొంత, ఇంగ్లీషు కొంత కలిపి చెబుతోంది. సగంలో, ఇప్పుడు మెల్లగా పరుగు అంది. నేను ఆపేసి కడ్డీ మీద తల ఆనించాను. ఆ పిల్ల నన్ను చూడలేదని తెలుసు. అయినా ఫోను పైన కెమెరా కన్ను నావైపే ఉందనిపించి, నుదుటి బొట్టుబిళ్ళ తీసి దాని మీద అంటించాను. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను. వెనకబెంచీ పిల్లలు నేను ప్రశ్న అడిగితే పుస్తకం అడ్డం పెట్టుకుని తల దించుకుంటారు. వాళ్ళని ఎన్నిసార్లు లేపి నిలబెట్టానో ఆ గదిలో గుర్తొచ్చేది.

ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా మా వదిన వచ్చింది. ఆవిడ ఎప్పుడొచ్చినా బస్సెక్కదు. నందిగామ నుంచి అంత దూరమూ ఆటో మాట్లాడుకుని వస్తుంది. అది డాబు అనుకునేవాళ్ళం మేము. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. మంచినీళ్ళిస్తే పక్కన పెట్టి, "ఆ మిషను చూపిచ్చు" అంది. గదిలోకి రాగానే తనే గడియ వేసింది.

ఎక్కి, మెల్లగా నడిచింది. నాకంటే తేలిగ్గా, చక్కగా నడిచింది. కొంచెం వేగం పెంచమంది. పెంచాను. ఇంతలోనే ఆపమని చేత్తో సైగ చేసి, దిగి బాత్రూములోకి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. తలుపు తట్టాను.

"వదినా, బాగానే ఉన్నారా?"

లోపల నీళ్ళ చప్పుడు వినపడింది. తర్వాత తలుపు సందులోంచి, "నీ చీరొకటి ఇయ్యి, లంగా కూడా" అంది.

నా లంగా ఆవిడ నడుముకి బాగా వదులై, రెండు మడతలు వేసి కట్టుకుంది. బయటికొచ్చి మిషను అంచు మీద కూర్చుంది. నా మొహం చూడకుండా గోడతో చెప్పింది.

"గర్భసంచి తీసేసినకాణ్ణించీ ఇంతే. దగ్గినా అంతే, తుమ్మినా అంతే. గబగబా నడిస్తే ఇక చెప్పక్కర్లా. మోకాళ్ళకి నడవమంటాడు డాక్టరు. రోడ్డు మీద ఎట్టా నడవను? ఇంట్లో అయితే బాత్రూం పక్కనే ఉంటదని ఆ కొట్టుకి పోయా."

"అన్నయ్యగారికి తెలుసా?"

"తెలవదు. నడుం నొప్పని చెప్పి చాప మీద పడుకుంటన్నా. మంచం మీద పడుకుంటే పరుపు..." అని ఆగిపోయింది. "మీ ఆయనకి చెప్పమాక."

ఎన్నేళ్ళుగా అలా కింద పడుకుంటోందో నేను అడగలేదు. ఆ ఆపరేషనప్పుడు ఆసుపత్రిలో తోడున్నది నేనే. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆవిడ పక్కన నేను కూర్చున్నాను. ఆవిడ ఇబ్బంది గురించి చెప్పగలిగిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే కావాలి. నేనేమో జాకెట్టు కొలతలు తప్పించుకోవడానికి ఆవిడ ఇంటికి పోవడం తగ్గించేశాను.

"ఆరోజు కొట్టులో అంతమాటన్నా నిన్ను" అంది ఆవిడ. "నిన్ను దాని మీద చూసేసరికి ఒళ్ళు మండింది. నువ్వు కొనుక్కోగలవు, ఎందుకూ అంటే చెప్పగలవు. నేను ఏమని చెప్పి కొనను?"

"నేనూ చెప్పలేదు వదినా. మా ఆయనకని చెప్పా."

ఆవిడ తలెత్తి చూసింది. నవ్వబోయి, దగ్గొచ్చి, గబుక్కున ఆపుకుని కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది. అది చూసి నేను నవ్వలేకపోయాను.

డాక్టరు దగ్గరికి పోదామంటే ససేమిరా అంది. విజయవాడ వరకు ప్రయాణం, దారిలో ఎక్కడ ఆగాలి, మగవాళ్ళకి ఏమని చెప్పాలి. ఆ రోజుకి అక్కడ ఆగిపోయాం. కానీ మర్నాడు పొద్దున నేను క్లాసు పెట్టుకోబోతుంటే ఫోను చేసింది. "నువ్వు నడిచేటప్పుడు ఆ పిల్ల చెప్పేది నాకూ చెప్పు. నేను హాల్లో నిలబడ్డచోటే అడుగులేస్తా." అప్పటినుంచీ మా ఆయన పాత ఫోనులో క్లాసు, నా ఫోనులో వదిన. ఆ పిల్ల హిందీలో చెప్పేది నేను తెలుగులో చెప్పేదాన్ని. భుజాలు వదులు చెయ్యండి, ఊపిరి బిగబట్టమాకండి, కాలు పూర్తిగా ఆన్చండి. పరుగు అన్నప్పుడు మాత్రం, "మనం నడుద్దాం వదినా" అనేదాన్ని. ఆవిడ మధ్యలో "ఉండు" అని వెళ్ళిపోయేది. నేను మిషను ఆపి ఎదురుచూసేదాన్ని.

ఆ ఎదురుచూడటాల్లోనే మెల్లగా డాక్టరు మాట మళ్ళీ మళ్ళీ తెచ్చాను. చివరికి నా మోకాళ్ళు చూపించుకోవడానికి తోడు వస్తున్నానని ఇంట్లో చెప్పి ఒప్పుకుంది. కారు మాట్లాడుకుని వెళ్ళాం. కంచికచర్లలో ఒకసారి, విజయవాడ దగ్గరపడ్డాక మరోసారి ఆపించాను. రెండుసార్లూ డ్రైవరుతో, నాకే అవసరమని చెప్పాను.

ఆడ డాక్టరు అంతా విని, పరీక్ష చేసి, ఇది చాలామందికి ఉండేదే అంది. కొన్ని వ్యాయామాలున్నాయి, అవి కుదురుగా చేస్తే ఎక్కువమందికి తగ్గుతుంది, తగ్గకపోతే వేరే మార్గాలున్నాయి అంది. "ఇన్నేళ్ళు ఎందుకు ఓర్చుకున్నారమ్మా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?" అంది. మా వదిన తల దించుకుని ఒళ్ళో సంచీ సర్దుకుంది. నేను టేబులు మీద పరిచిన అద్దం వంకే చూస్తూ కూర్చున్నాను. ఆ ప్రశ్న ఆవిడని అడిగినా జవాబు నా దగ్గర కూడా ఉండాల్సింది.

ఆ వ్యాయామాలు పక్కగదిలో ఒకామె నేర్పింది. పైకి ఏమీ కనపడవు, కూర్చునే చెయ్యొచ్చు. ఇప్పుడు మా పొద్దుటి క్లాసులో అవి ముందు, నడక తర్వాత. పూర్తిగా తగ్గిందని చెప్పలేను. కొన్ని నెలలకి ఒకరోజు ఫోనులో గొంతు బాగా తగ్గించి, "రాత్రి మంచం మీద పడుకున్నా" అంది. వెంటనే, "చెయ్యి ఊపాలా వద్దా, చెప్పు" అంది.

నా బరువు డాక్టరమ్మ కోరినంత తగ్గలేదు. షుగరు మాత్రం ఇంకా రాలేదు. ఎవరైనా ఇంటికొస్తే ఇప్పటికీ ఆ గది తలుపు దగ్గరికి వేస్తాను. పిన్నిగారికి నిజం చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, చెప్పలేదు.

మొన్న స్టాఫ్‌రూములో ఎవరూ లేనప్పుడు లెక్కల టీచరు నా పక్కకి కుర్చీ జరుపుకుంది. ఆవిడా నాలాగే లావు మనిషి.

"మేడం, మా చెల్లెలు ఇంట్లో నడిచే మిషను కొనుక్కుంటానంటంది. చవకలో ఏది మంచిదో మీకేమన్నా తెలుసా? మీ సార్ కోసం కొన్నారంట గదా."

మోటారు సంగతి, బెల్టు సంగతి, స్క్రీను లేకపోయినా ఫోనులో క్లాసులు పెట్టుకోవచ్చన్న సంగతి, అన్నీ చెప్పాను. మా ఆయన ఎలా నడుస్తాడో కూడా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. గంట కొట్టాక ఇద్దరం లేచాం.

"ఒక్కటి మాత్రం చెప్పండి మీ చెల్లెలికి" అన్నాను. "కొట్టులో బరువడిగితే ఉన్నదున్నట్టు చెప్పమనండి. అక్కడ తగ్గించి చెబితే మిషను సరిపోదు."

ఆవిడ నా వంక చూడకుండా, చాక్‌పీసుల డబ్బా తీసుకుని, "చెప్తానండీ" అంది.